ఆలస్యమైన ఆమీన్

తిరుపతి,
20 జనవరి 2024

నాయనకు జమీలా సలాం.

సలాం రాసేశాను కాబట్టి ఇప్పుడు కోపం రాయవచ్చు. నువ్వు మా ఇంటికి వచ్చి వెళ్లి పదమూడు నెలలయింది. ఐరాల నుంచి తిరుపతి ఏమంత దూరం? చిత్తూరులో ఒక బస్సు మారితే చాలు. పెళ్లిళ్ల కాలం, పరుపులు కుట్టాలి అన్నావు ఒకసారి. సొరపాదుకు నీళ్లెవరు పోస్తారు అన్నావు ఇంకోసారి. పక్కింటి సుబ్బులమ్మత్త రెండు చెంబులు పోయదా?

నీ చెవులకు ఫోను పనికిరాకపోవడం నాకు ఒక విధంగా మేలే అయింది. ఫోనులో నాకు మాట రాదు. పక్కన ఎవరైనా ఉంటే అసలే రాదు. కాగితం ముందు కూర్చుంటే నా ముఖం ఎవరూ చూడరు. ఆరో తరగతితో ఆగిపోయిన చదువు ఇదొక్కదానికి అక్కరకు వస్తోంది. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నీ అల్లుడు ఇప్పుడు తిరుచానూరు లాడ్జీల పాత పరుపులు తెచ్చి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇస్తున్నాడు. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమల నిండా దూది. నేను వెంటనే తుడవను. కొంచెంసేపు అలాగే చూస్తాను. నువ్వు దూది ఏకే మిషను దగ్గర నుంచి లేచి వచ్చినట్టు ఉంటుంది. ఎందుకట్లా చూస్తావని ఆయన అడిగితే చెప్పలేదు. చెవుల్లో దూది పెట్టుకోనిదే మిషను వేయవద్దని మాత్రం రోజూ చెబుతాను. ఆయన వింటాడు. చిన్నప్పుడు నీకూ చెప్పేదాన్ని, నువ్వు వినలేదు.

ఒక సాయం కావాలి నాయనా. శుక్రవారం మధ్యాహ్నం మా సందులోని ఆడవాళ్లు పది పన్నెండు మంది మా ఇంట్లో కూర్చుంటారు. ఖురాన్ అరబీలో చదువుతారు. అర్థం ఎవరికీ తెలియదు. పోయిన వారం మా అత్త అందరి ముందూ అనేసింది.

“మా కోడలి నాయన తెలుగు ఖురాన్ మొదట్నించి కడదాకా సదివినోడు. పాతకాలం జనం ప్రవక్తలు వచ్చి చెప్తే యెట్ల విన్నారో, యెట్ల వినకుండా సెడిపోయినారో మా జమీలా చెప్తాది. సూడండి.”

అందరూ నన్ను చూశారు. నేను నేల చూశాను. ఒక్కో కథ చిన్నగా రాసి పంపు. కాగితం చూసి చదివేస్తాను, తల ఎత్తను.

ఇక్కడ మిద్దె ఎక్కితే కొండ కనిపిస్తుంది. అలిపిరి వైపు మెట్లదారిలో దీపాలు వరసగా వెలుగుతాయి. అందరూ ఎక్కడెక్కడి నుంచో ఈ ఊరికి వస్తారు. నువ్వొక్కడివే రావు.

నీ బిడ్డ
జమీలా


ఐరాల,
28 జనవరి 2024

తల్లీ జమీలాకు నాయన దువా.

నీ కోపం అందింది. భద్రంగా పెట్టెలో దాచాను. చలి తగ్గలేదు, పరుపుల పని కూడా తగ్గలేదు. అమ్మాయి పెళ్లికి రెండు కావాలని ఒకరు బూరుగుదూది తెచ్చి వాకిట్లో పోసి వెళ్లారు. గాలికి లేచి సుబ్బులమ్మ ఆవు కొమ్ముల మీద వాలింది. ఆమె వచ్చి చాలాసేపు చేతులూపింది. తిట్టిందో నవ్విందో తెలియలేదు. తిట్టే ఉంటుంది.

కథ అడిగావు. అన్నిటికంటే ముందుది నూహ్ ప్రవక్తది. ఆయన తన జనం మధ్య తొమ్మిది వందల యాభై ఏళ్లు ఉన్నాడు. ఒక్క దేవుణ్ణి కొలవండి, చెడ్డ పనులు మానండి అని పగలు చెప్పాడు, రాత్రి చెప్పాడు. నలుగురిలో చెప్పాడు, ఒంటరిగా పిలిచి చెప్పాడు. పిలిచినకొద్దీ వాళ్లు దూరం జరిగారు. చివరికి ఆయన దేవుడితో మొరపెట్టుకుంటాడు. నేను పిలిచినప్పుడల్లా వీళ్లు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు, బట్టలు కప్పుకున్నారు అని. ఆ తరువాత నీళ్లు వచ్చాయి. ఆ సంగతి అందరికీ తెలిసిందే.

కథలో నాకు నీళ్లకంటే ఆ బట్ట పెద్దదిగా కనిపిస్తుంది. వినకూడదనుకున్నవాడు చెవులు మూసుకుంటాడు, సరే. బట్ట ఎందుకు కప్పుకోవాలి? ఎదుటి మనిషి ముఖం చూస్తే మనసు కరిగిపోతుందని భయం. ముఖం మీద బట్ట లాక్కున్నవాళ్లు చెవిటివాళ్లకంటే చెవిటివాళ్లు. ఇది చదువు. ఆడవాళ్లకు అర్థమవుతుంది.

మీ అత్తకు నా సలాం.

నాయన


తిరుపతి,
6 ఫిబ్రవరి 2024

నాయనకు సలాం.

నూహ్ కథ చదవలేదు. జ్వరమని చెప్పి పడుకున్నాను. అబద్ధం చెప్పిన పాపం నాదే.

ఆ బట్ట మాట నన్ను అనుకునే రాశావా? కొత్త ఇంట్లో చేరినప్పుడు మంచి జరగాలని దువా పెట్టుకున్నాం కదా, నువ్వు చివరిసారి వచ్చిన రోజు. ఆ రోజు నేను ముఖం మీదికి కొంగు లాక్కున్నాను. నువ్వు చూశావని అప్పుడు అనుకోలేదు. ఎందుకు లాక్కున్నానో ఇప్పుడు రాయలేను. అవునంటే అవునని రాయి, కాదంటే కాదని రాయి. నీ కాగితం చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

ఇక్కడ నీళ్ల కరువు అప్పుడే మొదలైంది. సందుకంతా ఒకటే కొళాయి. రోజు విడిచి రోజు, తెల్లవారుజామున ఒక గంట వస్తుంది. మా సందులో ఒక కట్టుబాటు ఉంది. మనిషి లేకపోయినా బిందె వరసలో నిలబడితే వంతు నిలబడినట్టే. మూలింట్లో తిరుమలమ్మ అని ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. తిరుచానూరులో పూలు అమ్ముతుంది. నీళ్లొచ్చే వేళకు ఆమె పూల మార్కెట్టులో ఉంటుంది కాబట్టి ముందే తన బిందె పెట్టి వెళ్తుంది. ఆ వంతు వచ్చినప్పుడు ఎవరో ఒకరు పట్టి పెట్టేవాళ్లు. మొన్నటి నుంచి మా అత్త ఆ బిందెను కాలితో పక్కకు జరుపుతోంది.

“మనిషి లేని బిందెకు వంతేంది? బిందె వచ్చి తాగుతాదా?”

అందరూ నవ్వుతారు. ఆ తరువాత బిందె పొద్దెక్కేదాకా ఎండలో ఖాళీగా ఉంటుంది. తిరుమలమ్మ వచ్చి దాన్ని చూస్తుంది, మా ఇంటి వైపు చూస్తుంది, ఏమీ అనదు. నేను తలుపు వెనక ఉంటాను.

నువ్వు ఉంటే ఏం చేసేవాడివి?

జమీలా


ఐరాల,
13 ఫిబ్రవరి 2024

పిచ్చితల్లికి నాయన దువా.

కొంగా? ఏ కొంగు? నాకు ఏమీ గుర్తులేదు. గ్రంథంలో ఉన్న మాట రాశాను, అంతే. ఆ కథ రాసేటప్పుడు నాకు నా చెవులే గుర్తొచ్చాయి. నూహ్ జనం తెరవాల్సిన వేళ చెవులు మూసుకున్నారు. నేను ముప్పై ఏళ్లు దూది మధ్యనే కూర్చుని, రెండు ముక్కలు చెవుల్లో పెట్టుకోకుండా మిషను ముందు వాటిని బార్లా తెరిచిపెట్టాను. వాళ్లూ చెడ్డారు, నేనూ చెడ్డాను. ఇంట్లో బావి పెట్టుకుని దాహంతో పోయిన మొనగాడు మీ నాయన! ఇది నీ శుక్రవారం ఆడవాళ్లకు చెప్పు, నవ్వుతారు. అన్నం తిను.

నీ కొళాయి సంగతికి కథ వెతకాల్సిన పని లేదు, ఉన్నదే. సాలెహ్ ప్రవక్త జనం కొండలు తొలిచి ఇళ్లు కట్టుకున్న బలవంతులు. దేవుడు వాళ్ల దగ్గరికి ఒక ఆడ ఒంటెను గుర్తుగా పంపాడు. సాలెహ్ వాళ్లకు ఒక్కటే చెప్పాడు. నీళ్లు దీనికి ఒకనాడు, మీకు ఒకనాడు. దాని వంతు దానికి వదలండి, దానికి కీడు చేయకండి. ఇంత చిన్న మాట. బలవంతులకు చిన్న మాటే కష్టం. నోరులేనిదానికి వంతేమిటి అనుకున్నారు. ఒకడు లేచి దాని కాళ్లు నరికాడు.

ఇక్కడ బాగా చూడు. నరికింది ఒక్కడే అని ఒకచోట ఉంది. ఇంకోచోట ఆ నేరం అందరి మీదా ఉంది. శిక్ష కూడా అందరికీ వచ్చింది. కత్తి పట్టనివాళ్లు ఏం చేశారని నేను చిన్నప్పుడు మా నాయన్ను అడిగాను. “వాళ్లు ఊరుకున్నారు రా” అన్నాడు.

నేను ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు తల్లీ. దూరం నుంచి ధైర్యం రాయడం సులువు. మీ అత్తతో గొడవ పెట్టుకోమని చెప్పను. ఆమె కూడా బిందె మోసి మోసి నడుము విరిగిన మనిషే.

సొరపాదు పందిరి ఎక్కింది.

నాయన


తిరుపతి,
24 ఫిబ్రవరి 2024

నాయనకు సలాం.

కొంగు సంగతి నీకు గుర్తులేదని చదివి మొదట సంతోషించాను. తరువాత దిగులు వేసింది. ఎందుకో చివర రాస్తాను.

నిన్న సాలెహ్ కథ చదివాను. తల ఎత్తకుండా మొదలుపెట్టాను. “గట్టిగా సదువు, దోమ మాదిరి గొణక్కు” అంది అత్త. గట్టిగా చదివాను. ‘దాని వంతు దానికి వదలండి’ దగ్గరికి వచ్చాను. అత్త తమలపాకు ఈనె తీస్తూ ఉంది, తీస్తూనే ఉంది. కథ అయిపోయాక “పాపం ఒంటె” అని ఒకామె అంది. అందరూ ఇళ్లకు వెళ్లారు. నేను అంతే అనుకున్నాను.

ఈరోజు తెల్లవారి నీళ్లొచ్చాయి. తిరుమలమ్మ బిందె వంతు వచ్చింది. అత్త అలవాటుగా కాలు చాచింది. నేను తలుపు వెనక నుంచి ఎప్పుడు బయటికి వచ్చానో నాకే తెలియదు. “అత్తా, అది తిరుమలమ్మ వంతు” అన్నాను. అంతే, ఇంకో మాట రాలేదు. వంగి ఆ బిందె కొళాయి కింద పెట్టాను. సందంతా చూస్తోంది.

అత్త నడుము మీద చేతులు పెట్టుకుంది. “ఓయమ్మా! దీనికి నోరుండాదని మూడేండ్లకు తెలిసె. మేం మూగదాన్ని తెచ్చుకున్న్యామని అనుకుంటా ఉంటిమే” అంది. నేను ఏడుస్తానేమో అనుకున్నాను. బిందె నిండింది. అత్తే ఒక చెయ్యి వేసింది. “యాడ పెట్టేది? ఆ ముసిల్దాని వాకిట్లోనా? పట్టు, ఊరికే నిలబడుకుంటావేంది” అంది. ఇద్దరం మోసుకెళ్లి పెట్టి వచ్చాం. మధ్యాహ్నం తిరుమలమ్మ రెండు మూరల మల్లెలు తెచ్చి, ఒకటి నాకు, ఒకటి అత్తకు ఇచ్చింది. అత్త తిట్టకుండా పెట్టుకుంది.

ఇప్పుడు దిగులు రాస్తాను.

ఒంటెను నరికినవాడు ఒక్కడు, ఊరుకున్నవాళ్లు ఊరంతా అని నేనే గట్టిగా చదివాను కదా. చదువుతుంటే ఆ దువా రోజు నా కళ్ల ముందు నిలిచింది. ఆ రోజు మసీదు నుంచి వచ్చిన హజరత్ దువా చేస్తూ మధ్యమధ్య ఆగేవాడు. అందరూ ఆమీన్ అనేవారు. నీకు వినపడదు. నువ్వు పక్కవాళ్ల పెదవులు చూసి, కదిలాయని తెలుసుకుని, అప్పుడు అనేవాడివి. అప్పటికి అందరూ నిశ్శబ్దంగా ఉండేవారు. ఆ నిశ్శబ్దంలో నీ ఆమీన్ ఒక్కటే, చాలా పెద్దగా. రెండోసారి అలా అయినప్పుడు మా అత్త నవ్వింది. ఆమెను చూసి ఇంకొకరు. తరువాత గదంతా. ఆమీన్ అనేశాక నువ్వు కళ్లు మూసుకుని చేతులు చాచి ఉన్నావు.

నేను ముఖం మీదికి కొంగు లాక్కున్నాను. నవ్వడానికి కాదు, నా మీద ఒట్టు. ‘నవ్వవద్దు, మా నాయనకు వినపడదు’ అనడానికి నాకు నోరు రాలేదు. ఆ సిగ్గు దాచుకోవడానికి. బిందె కోసం వచ్చిన నోరు నీ కోసం రాలేదు నాయనా.

నీకు తెలియదు కాబట్టి చెప్పకుండా ఉండవచ్చు. కానీ నువ్వు అలాంటి కథలు రాస్తూ ఉంటే నేను ఎలా దాచను?

వెంటనే జవాబు రాయి. రెండు ముక్కలైనా చాలు.

జమీలా


తిరుపతి,
10 మార్చి 2024

నాయనకు సలాం.

పదిహేను రోజులైంది. నీ దగ్గర నుంచి కాగితం రాలేదు. నీకు తెలియని నవ్వును నేనే నీ చెవిలో వేశాను. చెవిటితనం నిన్ను కాపాడిన ఒక్క చోట నేను కాపాడలేదు. ఇది రాయకుండా ఉండాల్సింది అని రోజూ అనుకుంటాను. మళ్లీ రాయకపోతే ఎలా అనుకుంటాను.

ఎల్లుండి నుంచి రంజాన్. చిన్నప్పుడు నువ్వు తెల్లవారకముందే సహరీ అన్నానికి నన్ను లేపడానికి గోడకున్న దూది ఏకే పాత విల్లు దించి నారి మీటేవాడివి. టంయ్‌మని మోగేది. అప్పటికే నీకు అది సరిగా వినపడేది కాదేమో, చేత్తో నారి వణుకు పట్టి చూసి నవ్వేవాడివి. ఈ వారమంతా నాకు మెలకువ వచ్చేముందు ఆ చప్పుడు వినిపిస్తోంది. లేచి చూస్తే ఏమీ ఉండదు.

నిన్న బియ్యం ఏరుతూ ఏడ్చాను. అత్త చూసింది. ఈసారి జ్వరమని చెప్పలేదు. జరిగింది చెప్పాను. ఆమె నా చేతిలో చాట తీసి కింద పెట్టింది.

“పదైదు నెల్లు ఇది కడుపులో పెట్టుకోని నాకు కూడూ నీళ్లూ పోస్తివా నువ్వు?”

నేను తలూపాను.

“అవును, నవ్వినా. ఆపుకోలేకపోతి. పాపిష్టి నవ్వు. ఆ మనిషి అడిగింది దేవుణ్ణి. దేవునికి లేటేంది, ముందేంది? ఆ మాట నాకు ఆపొద్దు తోచకపాయె.”

చాటలో ఒక రాయి ఏరి పారేసి మళ్లీ అంది. “మీ నాయనకు రాయి. ఈసారి దువా ఆయన్నే చెయ్యమను. ఆయన ఆపినప్పుడు ఆమీన్ మేమంటాం. మాకు చెవులుండాయి కదా.”

నాయనా, ఇంకొకటి. సాయంత్రం అత్త అంగడికి వెళ్లి ఒక పలక, బలపాలు తెచ్చింది. నువ్వు వస్తే మాట్లాడటానికట. ఆమెకు అక్షరం రాదు. నన్ను కూర్చోబెట్టి నేర్పమంది. ‘న్న’ వత్తు దగ్గర బలపం విరగ్గొట్టి నన్నే తిట్టింది. ఈ కాగితం కింద పెద్దగా వంకరగా ఉన్నవి ఆమె అక్షరాలు. నా చెయ్యి పడలేదు.

జమీలా

అన్నా రా


ఐరాల,
17 మార్చి 2024

తల్లీ జమీలాకు నాయన దువా.

రెండు కాగితాలూ అందాయి. మొదటిదానికి మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చించాను. పోస్టు జయరావు రోజూ వాకిట్లో బండి ఆపి, కవరేమైనా ఉందా అని చెయ్యి ఊపుతాడు. నేను లేదని ఊపుతాను. ఇన్నాళ్లూ మా ఇద్దరికీ అదే పని.

ముందు నా అబద్ధం దిద్దుకోవాలి. కొంగు గుర్తులేదని రాశాను. గుర్తుంది. నవ్వు కూడా తెలుసు. చెవిటివాడికి నవ్వు తెలియదని మీరనుకుంటారు. నేను మధ్యలో కళ్లు తెరిచాను, భుజాలు కదులుతున్నాయి. వాళ్లు నవ్వినందుకు నాకేం లేదు, నా ఆమీన్‌కు నేనైనా నవ్వేవాణ్ణి. నువ్వు కొంగు లాక్కోవడం చూశాను. ఇలాంటి నాయన ఉన్నాడని సిగ్గుపడ్డావనుకున్నాను. సాయంత్రందాకా కూడా ఆగకుండా బస్సెక్కాను. పెళ్లిళ్ల కాలం, సొరపాదు అన్నీ సాకులు. నూహ్ కథలో ఆ బట్ట మాట రాసేటప్పుడు నువ్వే నా కళ్ల ముందున్నావు. నా చెవులే గుర్తొచ్చాయన్నది కూడా అబద్ధమే. రంజాన్ నెలలో దీన్ని మోయలేను.

నీకు ఇంకో కథ బాకీ ఉన్నాను. యూనుస్ ప్రవక్తది. ఆయన తన జనానికి చెప్పి చెప్పి విసిగాడు. వీళ్లు మారరని కోపంతో, దేవుడి మాట కోసం కూడా ఆగకుండా, ఊరు విడిచి ఓడెక్కాడు. ఆయన వెనక ఊరంతా మారింది. పెద్దా చిన్నా ఏడ్చి దేవుడి వైపు తిరిగారు. వచ్చే శిక్ష తప్పిపోయింది. అన్ని ఊళ్ల కథల్లో, చివరి గడియలో మారి బతికిన ఊరు అదొక్కటే. ఆ మారడం ఆయన చూడలేదు. ఆ వేళకు ఆయన చేప కడుపులో, చీకటిలో ఉన్నాడు.

ఇన్నేళ్లు ఈ కథ చదివినప్పుడు నేను చేపనే చూశాను. ఊరిని చూడలేదు. ఆ మహనీయుడితో నన్ను పోల్చుకుంటే నోరు పడిపోతుంది, నేను పరుపులు కుట్టేవాణ్ణి. కానీ అలిగి వెళ్లిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నా వెనక నా బిడ్డ కొళాయి దగ్గర నోరు తెరిచింది. నేను వినలేకపోయినా చూసేవాణ్ణి కదా, చూడలేదు. మీ అత్త ఈ వయసులో బలపం పట్టింది. అదీ చూడలేదు. పదిహేను నెలలు నా చేప కడుపులో కూర్చుని, మీరే చెవులు మూసుకున్నారని కథలు రాశాను.

మీ అత్త అక్షరాలు పెట్టెలో దాచలేదు. గోడకు, విల్లు పక్కన అంటించాను.

సొరపాదు సుబ్బులమ్మకు అప్పజెప్పాను. ఆమె పెద్దగా చేతులు తిప్పింది. ఈసారి పెదవులు సరిగ్గా చదివాను. “యెన్ని నెల్లుగా చెప్తా ఉండా, పోయి బిడ్డను సూసి రా చెవిటోడా అని!” ఆమె నిజంగానే చెబుతూ ఉందట. నేనే ఆవు గురించి అనుకున్నాను.

గురువారం, 21వ తేదీ, ఉపవాసం విడిచే వేళకు ముందే తిరుపతి చేరుతాను. తిరుమలమ్మకు బిందె కింద పెట్టుకోవడానికి బూరుగుదూదితో ఒక చుట్టకుదురు కుట్టాను. శుక్రవారం దువా చేస్తాను. నేను ఎక్కడ ఆపుతానో మీరు చూసుకోవాలి. తప్పు వేళకు ఆమీన్ అంటే నేనూ నవ్వుతాను, అత్తకు చెప్పు.

బస్‌స్టాండులో నన్ను పిలవవద్దు, వినపడదు. నేను దిగే చోట ఎదురుగా వచ్చి నిలబడు. కొంగు తల మీద ఉండనీ. ముఖం మీద వద్దు.

నాయన